పట్టుపురుగుకు రక్ష

బాలలూ! మన చిలకలూరిపేట చేలలో బి.టి. పత్తిని చూసే ఉంటారు. మట్టిలోని ఒక బాక్టీరియా జన్యువును అందులో చేర్చారు. మరి పురుగులో జన్యువును చేర్చవచ్చునా? చేర్చవచ్చును. 2012లో అమెరికా శాస్త్రజ్ఞులు సాలీడు జన్యువును పట్టుపురుగులో చేర్చి, మరింత గట్టి దారం తీయించారు.

మన పట్టురైతుకు ఇంకొక బెడద ఉంది. అది ఒక వైరస్. అది సోకిన పురుగు ఒళ్ళు ఉబ్బి, చర్మం పగిలి, పాలవంటి ద్రవం కారి చస్తుంది. సోకాక మందు లేదు. రైతు శ్రమంతా మట్టిపాలే!

వైరస్ తనకు కావలసిన మాంసకృత్తులను పురుగు కణం చేతనే చేయించుకుంటుంది. అందుకు ఆర్.ఎన్.ఎ. అనే ఉత్తరాలు పంపుతుంది. ఆ ఉత్తరాలను దారిలోనే చింపేస్తే?

హైదరాబాదులోని సి.డి.ఎఫ్.డి.లో డాక్టర్ జె. నాగరాజు బృందం, హిందూపురం దగ్గరి కిరికెర పట్టు పరిశోధన సంస్థతో కలిసి ఆ పనే చేసింది. వైరస్ ఉత్తరాన్ని పోలిన జంటపోగుల ఆర్.ఎన్.ఎ.ను పురుగే తయారుచేసుకొనేలా జన్యువు చేర్చారు. కణం ఆ జంటపోగును ముక్కలు చేస్తుంది. ఆ ముక్కల ఆనవాలుతో వైరస్ ఉత్తరాలను పట్టి కత్తిరిస్తుంది. ఇలాంటి పురుగులు వైరస్‌ను బాగా తట్టుకున్నాయని 2013లో ప్రకటించారు.

పత్తిలో గులాబీరంగు పురుగు బి.టి.కి అలవాటుపడింది కదా! వైరస్ కూడా మారవచ్చు. ఒక్క ఉత్తరాన్నే చింపితే, దాన్ని మార్చుకొని తప్పించుకోగలదు. అందుకే శాస్త్రజ్ఞులు ఒకేసారి అనేక ఉత్తరాలకు గురిపెట్టారు. ఒక తలుపు మూస్తే చాలదు, అన్ని తలుపులూ మూయాలన్నమాట!