ఒకే తూనీగ, ఐదు రంగులు

నేను బి.కాం. చదివి, బ్యాంకులో గుమాస్తాగా చేసి రిటైరయినవాణ్ణి. జంతుశాస్త్రం నా సబ్జెక్టు కాదు. అయినా ఈ నాలుగు మాటలు వ్రాయడానికి కారణం, నా మాట విని మా మనవరాలు మార్కులు పోగొట్టుకోవడమే.

2019 వేసవిలో ఇంగ్లాండులో మా అమ్మాయి ఇంట్లో ఉన్నాను. చెరువు దగ్గర కనిపించే పురుగుల వివరం వ్రాసుకు రమ్మని మనవరాలికి స్కూల్లో చెప్పారు. సన్నని తూనీగలు చాలా కనిపించాయి. వాలినప్పుడు రెక్కలు వీపు మీదకు ముడుచుకునే రకం, ఇంగ్లీషులో డామ్‌సెల్‌ఫ్లై అంటారు. పాప అన్నింటినీ ఒకే పేరు కింద వ్రాసింది. "రంగులు వేరుగా ఉంటే పద్దులు కూడా వేరుగా ఉండాలమ్మా" అని నేనే అయిదు జాతులుగా విడగొట్టించాను. టీచరుగారు నాలుగింటిని కొట్టివేశారు.

తరువాత కూర్చుని చదివాను. అది ఇస్క్నూరా ఎలిగాన్స్. 1820లో వాండర్ లిండెన్ అనే ఆయన పేరు పెట్టాడు. పొడవు సుమారు 3 సెంటీమీటర్లు. మగదాని శరీరం నలుపు, తోక చివరికి కాస్త ముందు, ఎనిమిదో ఖండం మాత్రం నీలం. రొమ్ముభాగం లేతవయసులో ఆకుపచ్చగా ఉండి తరువాత నీలమవుతుంది.

చిక్కంతా ఆడవాటితోనే. లేతవయసులో కొన్ని ఊదారంగు, కొన్ని గులాబీ ఎరుపు. ఊదావి ముదిరితే కొన్ని మగవాటిలాగే నీలమవుతాయి, కొన్ని ముదురాకుపచ్చ అవుతాయి. గులాబీవి గోధుమరంగుకు దిగుతాయి. అంటే లేతవి రెండు, ముదిరినవి మూడు, మొత్తం అయిదు వేషాలు. ముదిరిన మూడు రంగులనూ నిర్ణయించేది ఒకే జన్యుస్థానం, అందులో మూడు రూపాంతరాలున్నాయి. రెండు రకాలు కలిసివస్తే నీలానిదే పైచేయి.

ఇన్ని రంగులెందుకు? మగవి ఆడవాటిని అదేపనిగా వెంటాడి తిండి తిననివ్వవు, గుడ్లు పెట్టనివ్వవు. మగదానిలా కనిపించే ఆడది కొంత తప్పించుకుంటుంది. అయితే అలాంటివి ఎక్కువైతే మగవి వాటినీ గుర్తుపట్టడం నేర్చుకుంటాయి. అప్పుడు అరుదైన రంగుదానికి లాభం. అందుకే ఏ రంగూ పూర్తిగా పోదని శాస్త్రజ్ఞుల వివరణ.

హోసూరు దగ్గర మా ఊరి చెరువు గట్టున దీని దాయాది ఇస్క్నూరా సెనెగలెన్సిస్ ఉంది. మన పొలాల్లోనూ మామూలే. అందులోనూ ఆడవి కొన్ని మగవాటి రంగులో ఉంటాయి. ఈ సంగతి ఫోనులో చెబితే, "ఈసారి ఎన్ని జాతులు వ్రాసుకున్నావు తాతయ్యా?" అని అడిగింది మనవరాలు.