కంప్యూటర్‌కు జబ్బు చేస్తే

జ్యేష్ఠమాసపు మధ్యాహ్నం. కరీంనగర్‌లో ఒక మధ్యతరగతి ఇల్లు. అమ్మాయి కాలేజీ దరఖాస్తుకు ఆనాడే ఆఖరు గడువు. సగం పూర్తిచేసేసరికి కంప్యూటర్ తెర టప్పున ఆరిపోయింది. అమ్మాయి కళ్ళనిండా నీళ్ళు. తండ్రి గబగబా కంపెనీవారికి ఫోను చేశాడు.

"మా కంప్యూటర్ నడుస్తలేదు సార్."

"ఏమయింది సార్?"

"ఏమో, నడుస్తలేదు."

"తెర మీద ఏమన్నా అక్షరాలు వచ్చినాయా?"

"వచ్చినయ్ గని, చూసేసరికే పోయినయ్."

"ఏ మోడల్ సార్?"

"నల్లది."

ఇది ఊహించి రాసిన సంభాషణే. అయినా ఇలాంటిది మన ఇళ్ళలో జరగదని గుండె మీద చెయ్యి వేసుకుని ఎవరనగలరు? అవతలి ఉద్యోగి ఏ హైదరాబాదులోనో, బెంగుళూరులోనో కూర్చుని ఉంటాడు. రోగిని చూడలేడు, నాడి పట్టలేడు. మనం చెప్పే నాలుగు మాటలే ఆయనకు కళ్ళూ చెవులూను. ఆ మాటలు సరిగా ఉంటే కొన్ని చిక్కులు ఫోనులోనే తెమిలిపోతాయి. లేకుంటే మనిషి వచ్చి, చూసి, కావలసిన భాగం తేలేదని తిరిగి వెళ్ళిపోతాడు. ఆయన మళ్ళీ రావటమంటే ఆసిఫాబాదు, ఉట్నూరు వంటి చోట్ల ఎంత నిరీక్షణో అక్కడివారికి వేరే చెప్పనక్కరలేదు.

మన గాలి, మన కరెంటు

2016 అక్టోబరులో పాత కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలు చీలి అనేక జిల్లాలయినాయి గాని, ఎండా దుమ్మూ మాత్రం ఉమ్మడి ఆస్తిగానే మిగిలిపోయాయి. నడివేసవిలో రామగుండం, ఆదిలాబాద్ వైపు 45 డిగ్రీలు దాటే రోజులున్నాయి. ఇళ్ళలో వాడే కంప్యూటర్లు సాధారణంగా 35 డిగ్రీల వేడి వరకే తట్టుకునేలా తయారవుతాయి. లోపల వేడి మితిమీరితే యంత్రం తన్ను తాను కాపాడుకోవటానికి మొదట నెమ్మదిస్తుంది, తర్వాత ఆగిపోతుంది. దీనికి తోడు గోదావరిఖని, మందమర్రి వైపు బొగ్గు నుసి, ఆదిలాబాద్‌లో పత్తి నూగు, సిరిసిల్లలో మరమగ్గాల నూలు పొట్టు లోపలి ఫానుకు చుట్టుకుని గాలి ఆడనివ్వవు.

ఇక కరెంటు సంగతి. రామగుండంలో ఎన్.టి.పి.సి. వారి మొదటి యూనిట్ 1983లో మొదలయింది. ఆ కేంద్రం సామర్థ్యం 2,600 మెగావాట్లకు పెరిగింది. ఇంత కరెంటు పుట్టే సీమలో గూడా తొలకరి ఉరుములకు ఓల్టేజి ఎగిరిపడితే మన బల్ల మీది యంత్రానికే ముప్పు. అంచేత మబ్బు కమ్ముతుండగానే ప్లగ్గు ఊడదీయటం మంచిది.

ఫోను చేయబోయే ముందు

మొదట అదే ప్లగ్గులో ఒక బల్లదీపం పెట్టి చూడండి. అది వెలగకపోతే తప్పు కంప్యూటర్‌ది కాదు. వెలిగితే వెనుకనున్న తీగలన్నీ బిగువుగా ఉన్నాయేమో చూడండి. యు.పి.ఎస్. ఉంటే దాన్ని తప్పించి, నేరుగా గోడ ప్లగ్గుకు కలపండి. బాటరీకి వయసు మళ్ళిన యు.పి.ఎస్. చాలామందిని మోసం చేస్తుంది. ఫాను తిరుగుతూ తెర ఒక్కటే నల్లగా ఉంటే తెరనో, దాని తీగనో అనుమానించాలి. పెన్‌డ్రైవు, ప్రింటరు వంటివన్నీ తీసేసి మరొకసారి వేసి చూడండి. అరగంట పనిచేసి ఆగిపోతున్నదా? అది వేడి లక్షణం కావచ్చు. చల్లారనిచ్చి, గాలి రంధ్రాల దుమ్ము మెత్తని కుంచెతో దులపండి. ఒక్కసారికి ఒక్క మార్పే చెయ్యండి. నాలుగూ కలిపి చేస్తే ఏ మందుకు జబ్బు తగ్గిందో తెలియదు.

కొన్నిటి జోలికి మాత్రం పోకూడదు. కాలిన వాసన, లోపల నీళ్ళు, ఉబ్బిన బాటరీ కనిపిస్తే కరెంటు తీసి ఊరుకోండి. కరెంటు పెట్టెను ఎన్నడూ విప్పవద్దు. ప్లగ్గు తీసిన తర్వాత గూడా అందులో ప్రమాదకరమైన ఓల్టేజి నిలిచి ఉంటుంది. హార్డుడిస్కు టక్కుటక్కుమంటే మాటిమాటికి వేసి చూడవద్దు. లోపలి పెళ్ళి ఫోటోలూ, పిల్లల చదువు కాగితాలూ దానితోనే పోతాయి. వాటికి మరో డిస్కులో నకలు ఉంచుకోవటం యంత్రం బాగున్న రోజుల్లో చేయవలసిన పని.

ఒక కాగితం ముక్క

ఇప్పుడొక కాగితం తీసుకుని రాయండి: మోడల్, సీరియల్ నంబరు, కొన్న తేదీ, వారంటీ గడువు, తెగులు ఎప్పుడు మొదలయింది, దానికి ముందు ఏం జరిగింది—ఉరుములా, కింద పడటమా, కొత్త భాగం వేయించటమా, తెర మీది మాటలు ఉన్నవి ఉన్నట్టుగా, బీప్ శబ్దాలు ఎన్ని, మీరు ఏమేమి చేసి చూశారు. తెరను ఫోనుతో ఫోటో తీస్తే మరీ మంచిది. మాట్లాడటం అయ్యాక ఫిర్యాదు నంబరూ, తేదీ అదే కాగితం మీద వేసుకోండి. యంత్రాన్ని ఇచ్చేటప్పుడు సీరియల్ నంబరుతో రశీదు తప్పక తీసుకోండి.

ఇంకొక్క మనవి. కంపెనీ ఫోను నంబరు బిల్లు మీదనో, వారంటీ కాగితం మీదనో చూసుకోండి. ఇంటర్నెట్‌లో వెతికితే దొంగ నంబర్లు గూడా ఎదురవుతాయి. "మీ కంప్యూటర్‌కు ప్రమాదం, ఈ నంబరుకు ఫోను చేయండి" అని తెర మీద తనంతట తానే ఊడిపడే హెచ్చరిక మోసమే. ఓ.టి.పి. అడిగినవాడు మరమ్మతు చేసేవాడు కాడు. డబ్బు పోయిందని తెలియగానే 1930కి ఫోను చేయాలి. అసలు కంపెనీయే వారంటీ మాట తప్పితే వినియోగదారుల సహాయ నంబరు 1915 ఉన్నది. జిల్లా వినియోగదారుల కమిషన్‌కు గూడా వెళ్ళవచ్చు. 5 లక్షల రూపాయలలోపు కొన్న వస్తువుకు ఫిర్యాదు రుసుము లేదు. అప్పుడు గూడా మీ పక్షాన సాక్ష్యం పలికేది ఆ కాగితం ముక్కే.

మరి మన కరీంనగర్ అమ్మాయి సంగతి? గడువు నెత్తిన ఉన్నప్పుడు యంత్రంతో కుస్తీ తగదు. చేతిలోని ఫోనులోనో, వీధి చివరి ఇంటర్నెట్ సెంటర్‌లోనో దరఖాస్తు ముందు పూర్తిచేయాలి. ఆ తర్వాత తండ్రీ కూతుళ్ళిద్దరూ తీరిగ్గా బల్లదీపం పట్టుకుని ప్లగ్గు దగ్గరికి వెళ్ళవచ్చు.