పొదుపరి కన్ను

సీసీ కెమెరా పుట్టింది దొంగను పట్టుకోవడానికి కాదు, రాకెట్‌ను చూడటానికి. 1942లో జర్మనీ ఉత్తరాన బాల్టిక్ తీరంలో, పీనెముండె అనే చోట వీ-2 రాకెట్లను పరీక్షిస్తున్నారు. పేలితే దగ్గరున్న మనిషి మిగలడు. అందుకని వాల్టర్ బ్రూహ్ అనే ఇంజినీరు ప్రయోగ వేదిక దగ్గర టీవీ కెమెరా పెట్టించి, తీగ లాగి, దూరాన ఉన్న తెర మీద రాకెట్ లేవడం కనబడేలా చేశాడు. రికార్డింగ్ లేదు. కూర్చుని చూసినవాడికి కనబడినంతే, రెప్ప వేస్తే పోయినట్టే. ఈ బ్రూహే యుద్ధం తర్వాత పాల్ కలర్ టీవీ పద్ధతిని తయారుచేశాడు. 1982లో మన దూరదర్శన్ రంగుల్లోకి మారింది ఆ పద్ధతిలోనే. మన కెమెరాల సెట్టింగుల్లో నేటికీ కనబడే 'పాల్' అన్నది ఆ ఇంటి ఆస్తే.

ఇంటి గుమ్మం దాకా ఈ యంత్రాన్ని తెచ్చింది మేరీ వాన్ బ్రిటన్ బ్రౌన్ అనే నర్సు. న్యూయార్క్ నగరం క్వీన్స్‌లో జమైకా అనే పేటలో ఉండేది. వేళకాని వేళల్లో డ్యూటీ, ఎలక్ట్రానిక్స్ టెక్నీషియన్ అయిన భర్త ఆల్బర్ట్ కూడా చాలాసార్లు ఇంట్లో ఉండడు. పిలిస్తే పోలీసులు వెంటనే వచ్చే పేట కాదది. భార్యాభర్తలిద్దరూ కలిసి 1966 ఆగస్టు 1న పేటెంటుకు దరఖాస్తు పెట్టారు, 1969 డిసెంబరు 2న అది మంజూరైంది. తలుపుకు వేర్వేరు ఎత్తుల్లో నాలుగు రంధ్రాలు, వాటి వెనక పైకీ కిందికీ జరిగే కెమెరా, పడకగదిలో తెర, వచ్చినవాళ్లతో మాట్లాడే మైకు, మంచం మీంచే తలుపు తీసే మీట, ప్రమాదమైతే కబురు పంపే మరో మీట. ఇవాళ్టి వీడియో డోర్‌బెల్‌లో ఉన్నవన్నీ దాదాపు అందులో ఉన్నాయి.

ఆ నాలుగు రంధ్రాల దగ్గర కాసేపు ఆగాలి. పొడుగువాడు వస్తే పై రంధ్రం, పిల్లవాడు వస్తే కింది రంధ్రం. అంటే కెమెరా వచ్చినవాడి ముఖానికి ఎదురుగా, చేతికందే దూరంలో ఉండాలన్నది ఆవిడ మొదటి షరతు. మనం కెమెరాను పోర్టికో స్లాబుకు, చేతికందనంత ఎత్తున బిగించి, వీధంతా కనబడాలంటాం. వీధంతా కనబడుతుంది కూడా. వచ్చినవాడి నడినెత్తి, టోపీ, హెల్మెట్ కూడా కనబడతాయి. కనబడనిది ముఖం ఒక్కటే. బొమ్మ బాగాలేదని వచ్చే ఫిర్యాదుల్లో సగానికి సగం కెమెరా లోపం కాదు, ఈ షరతును మరిచిపోయినందువల్ల వచ్చినవి అని నా అభిప్రాయం.

లెక్క కడితే తెలుస్తుంది. సాధారణంగా ఇళ్లకు బిగించే 2 మెగాపిక్సెల్ కెమెరాకు 2.8 మిల్లీమీటర్ల లెన్స్ ఉంటుంది. అది 100 డిగ్రీలకు పైగా వెడల్పును చూస్తుంది. 10 మీటర్ల దూరంలో దానికి కనబడే దృశ్యం దాదాపు 25 మీటర్ల వెడల్పు. అడ్డంగా ఉన్న 1920 పిక్సెళ్లను ఆ వెడల్పంతా పంచితే మీటరుకు 75 పిక్సెళ్లు వస్తాయి. మనిషి ముఖం వాటా ఓ పన్నెండు. ముక్కూ మొహం తెలియని మనిషిని ఫుటేజీ చూసి ఫలానా అని గుర్తుపట్టాలంటే మీటరుకు 250 పిక్సెళ్లు కావాలని అంతర్జాతీయ ప్రమాణం చెబుతోంది. పన్నెండు పిక్సెళ్ల ముఖాన్ని ఎంత జూమ్ చేసినా గళ్లు పెద్దవవుతాయి తప్ప కళ్లు కనబడవు. సినిమాలో పోలీసాఫీసరు 'ఎన్‌హాన్స్ చెయ్' అనగానే కారు నంబరు తేలిరావడం సినిమాకే చెల్లింది. మందు సులువే: గేటు మీదికి 6 మిల్లీమీటర్ల లెన్సున్న మరో కెమెరాను, తల ఎత్తుకు కాస్త పైన పెట్టడం. వెడల్పు సగానికి సగం తగ్గుతుంది, ముఖానికి పిక్సెళ్లు రెండింతలకు పైగా వస్తాయి. వీధి చూసే కెమెరా, ముఖం చూసే కెమెరా వేరువేరు.

మళ్లీ కథలోకి. 1950లో ఆర్‌సీఏ కంపెనీ బొమ్మను పట్టే విడికాన్ అనే గాజు గొట్టాన్ని తెచ్చాక కెమెరాలు చిన్నవయ్యాయి, చవకయ్యాయి. ఆ గొట్టానికి రెండు జబ్బులు. మనిషి కదిలితే వెనక తోకలా నీడ ఈడ్చుకొచ్చేది. నెలల తరబడి ఒకే గోడను చూపిస్తే ఆ గోడ బొమ్మ గొట్టంలో మాడి శాశ్వతంగా ఉండిపోయేది. కదలకుండా ఒకేచోట కాపలా కాసే కెమెరాకు ఇంతకన్నా అన్యాయమైన జబ్బు ఉండదు.

తర్వాత వీడియో టేపు వచ్చింది, చూసేవాడు నిద్రపోయినా ఫరవాలేదనిపించింది. కానీ రోజుకు 24 గంటలు, టేపుకు మూడు నాలుగు గంటలు. అందుకని సెకనుకు పాతిక బొమ్మలకు బదులు మూడో నాలుగో తీసి, ఒక్క టేపును రోజంతా సాగదీసే టైమ్ ల్యాప్స్ వీసీఆర్‌లు పుట్టాయి. అదే టేపు మీద మళ్లీ మళ్లీ రికార్డు చేసేవాళ్లు, అరిగి మంచు కురిసేది. పొదుపు అక్కడే ఈ యంత్రం రక్తంలో చేరింది. తొంభై తొమ్మిది పాళ్లు ఏమీ జరగని దృశ్యాన్ని దాచడానికి ఎవరూ డబ్బు పెట్టరు. దానికోసం చేసిన కక్కుర్తి, ఏదైనా జరిగిన ఆ ఒక్క క్షణంలో బయటపడుతుంది. 1996లో స్వీడన్‌లోని యాక్సిస్ కంపెనీ మొట్టమొదటి నెట్‌వర్క్ కెమెరా తెచ్చినప్పుడు, పెద్ద సైజు బొమ్మ కావాలంటే 17 సెకన్లకు ఒకటి వచ్చేది. ఆలోగా దొంగ వచ్చి, పని చూసుకుని, గోడ దూకి వెళ్లిపోవచ్చు.

గాజు గొట్టాన్ని దించేసింది సిలికాన్. 1969లో బెల్ ల్యాబ్స్‌లో విలార్డ్ బాయిల్, జార్జ్ స్మిత్ సీసీడీ అనే చిప్పును ఊహించారు. 2009లో దానికి నోబెల్ వచ్చింది. 1990లలో నాసా జెట్ ప్రొపల్షన్ ల్యాబొరేటరీలో ఎరిక్ ఫోసమ్ బృందం, అంతరిక్ష నౌకల కెమెరాలు తేలిగ్గా ఉండాలని సీమాస్ సెన్సర్‌ను తీర్చిదిద్దింది. ఫోన్లలో, మన ఇంటి చూరు కింద ఉన్నది దాని సంతానమే. అలాంటి సెన్సర్లతో సీసీ కెమెరాలు ఇప్పుడు కడప దగ్గర కొప్పర్తిలోనూ తయారవుతున్నాయి.

కెమెరాలు చవకయ్యాక సమస్య సమాచారానికి వచ్చింది. 1920 అడ్డం, 1080 నిలువు, ఒక్కో పిక్సెల్‌కు మూడు బైట్లు, సెకనుకు 25 ఫ్రేములు: ఏ కోతా లేకుండా దాస్తే ఒక్క కెమెరా రోజుకు 13 టెరాబైట్లు మింగుతుంది. ఫుటేజీ దాచే మన డీవీఆర్ పెట్టె దాన్ని సెకనుకు 2 మెగాబిట్లకు దించితే రోజుకు సుమారు 22 గిగాబైట్లు. ఆరు వందల పాళ్లలో ఒక్క పాలు మిగిలి, మిగతాది పోయిందన్నమాట. అయినా బొమ్మ బొమ్మలాగే ఉండటం వెనక ఒక మంచి కథ ఉంది.

బెంగళూరులో పుట్టి అమెరికాలో స్థిరపడ్డ నసీర్ అహ్మద్ 1972లో కాన్సస్ స్టేట్ విశ్వవిద్యాలయంలో పనిచేస్తూ, బొమ్మలను కుదించే ఒక గణిత పద్ధతి మీద పరిశోధనకు నేషనల్ సైన్స్ ఫౌండేషన్‌ను నిధులడిగాడు. ఇది మరీ సులువుగా ఉందంటూ తిరస్కరించారు. నిధుల్లేకుండానే పని సాగించి, సహపరిశోధకుడు నటరాజన్‌తోను, మద్రాసు గిండీ ఇంజినీరింగ్ కాలేజీలో చదివి టెక్సస్‌లో ప్రొఫెసరైన కామిశెట్టి రామమోహన రావుతోను కలిసి 1974 జనవరిలో ప్రచురించాడు. పేరు డిస్క్రీట్ కొసైన్ ట్రాన్స్‌ఫామ్. ఫోటోల జేపెగ్, వీడియోల ఎంపెగ్, నేటి డీవీఆర్‌లలోని హెచ్.264, హెచ్.265 అన్నీ దాని మీదో దాని వారసుల మీదో నిలబడ్డవే.

పద్ధతి ఇది. బొమ్మను చిన్న చిన్న గళ్లుగా కోస్తారు. ఒక్కో గడిలో వెలుగు నెమ్మదిగా మారే భాగమెంత, గబగబా మారే భాగమెంత అని విడదీస్తారు. మన కన్ను పెద్దగా పట్టించుకోని గబగబా మార్పులను ముందు వదిలేస్తారు. వీడియోలో ఇంకో అడుగు: నిన్నటి గోడ ఇవాళా అదే గోడ కాబట్టి, కదిలిన చోట మాత్రమే కొత్తగా రాసుకుంటారు. గోడకు ఇది గొప్పగా పనిచేస్తుంది. చిక్కంతా కదలని గోడ ముందు వేపచెట్టు ఉన్నప్పుడు. గాలికి వెయ్యి ఆకులూ కదులుతాయి, ఉన్న బిట్లన్నీ ఆకులు తినేస్తాయి, గేటు తీస్తున్న మనిషి ముఖానికి ముద్ద మిగులుతుంది. చీకట్లో సెన్సర్ పుట్టించే గింజల్లాంటి మచ్చలను కూడా కదలికే అనుకుని మోస్తుంది డీవీఆర్, పాపం.

ఇక 30 రోజుల కోరిక. 2013లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వచ్చిన ప్రజాభద్రత చట్టం, జనం పెద్ద సంఖ్యలో వచ్చే సంస్థల్లో సీసీ కెమెరాలు పెట్టి ఫుటేజీని 30 రోజులు ఉంచాలంది. ఇంటివాళ్లూ నెల రోజులు కావాలంటారు, డబ్బు మాత్రం ఒక టెరాబైటు హార్డ్ డిస్కుకే ఇస్తారు. నాలుగు కెమెరాలు, 30 రోజులు, 1 టెరాబైటు అంటే ఒక్కో కెమెరాకు సెకనుకు 0.8 మెగాబిట్లు కూడా దక్కవు. నలుగురికి కాచిన చారు పదిమందికి వడ్డించాలంటే నీళ్లు పోయక తప్పదు. బిగించిన కుర్రాడు బిట్‌రేట్ తగ్గించి, 30 రోజులు చూపించి వెళ్లిపోతాడు. అతణ్ణి అనడానికి లేదు, అడిగింది మనమే. డీవీఆర్‌లో ఎన్‌కోడింగ్ సెట్టింగు తెరిచి బిట్‌రేట్‌ను 2 లేదా 4 మెగాబిట్లకు పెంచండి. హెచ్.265 ఉంటే అది ఎంచుకోండి, దాదాపు సగం చోటుతో అదే బొమ్మ వస్తుంది. కదలిక ఉన్నప్పుడే రికార్డు చేయించండి, లేదా పెద్ద డిస్కు కొనండి. ఈ పని చేసే ముందు ఒక్కటి చూసుకోండి: ఫోన్ యాప్‌లో నాలుగు కెమెరాలు ఒకేసారి కనబడేటప్పుడు వచ్చేది సబ్ స్ట్రీమ్, అంటే డేటా మిగల్చడానికి పంపే చిన్న బొమ్మ. అది మసకగా ఉండటం సహజం. మెయిన్ స్ట్రీమ్‌లో రికార్డయింది బాగుంటే మీ కెమెరాకు ఏ రోగమూ లేదు.

రాత్రి సంగతి వేరే. సిలికాన్ మన కంటికి కనబడని ఇన్‌ఫ్రారెడ్‌ను కూడా చూస్తుంది. పగలు ఆ కాంతి రంగులను చెడగొడుతుంది కాబట్టి లెన్స్ వెనక ఒక ఫిల్టరు అడ్డు ఉంటుంది. చీకటి పడగానే 'టిక్'మని పక్కకు జరుగుతుంది, చుట్టూ ఉన్న 850 నానోమీటర్ల ఎల్‌ఈడీలు వెలుగుతాయి, బొమ్మ నలుపు తెలుపుల్లోకి మారుతుంది. పట్టపగలు చెట్టు ఆకులు గులాబీ రంగులో కనబడుతున్నాయంటే ఆ ఫిల్టరు ఇరుక్కుందని అర్థం. రాత్రి తెరంతా తెల్లటి పొగ కమ్మితే ముందు సాలెగూడు చూడండి. ఎల్‌ఈడీ చుట్టూ పురుగులు చేరతాయి, పురుగుల కోసం సాలీడు కాపురం పెడుతుంది. లెన్సుకు అంగుళం దూరాన ఉన్న ఒక్క దారం, వీధి చివరి మనిషికన్నా వేల రెట్లు వెలుగును తిప్పికొడుతుంది. పక్కనున్న సున్నం గోడ, స్లాబు అంచు, గీతలు పడ్డ డోము కూడా అంతే. కొన్ని ఇళ్లలో కొన్నప్పటి పాలిథిన్ పొర ఇంకా అలాగే ఉంటుంది. మెత్తని బట్టతో తుడిచి, కెమెరాను గోడ అంచు దాటించి బిగిస్తే చాలామందికి కొత్త కెమెరా అవసరమే ఉండదు.

పగలు బాగుండి రాత్రయ్యేసరికి గీతలు, వణుకు వస్తే అనుమానం తీగ మీదికి పోవాలి. ఎల్‌ఈడీలు వెలిగేసరికి కెమెరా ఎక్కువ కరెంటు లాగుతుంది. రాగి పూత పూసిన అల్యూమినియం తీగ చవక, నిరోధం మాత్రం రాగికన్నా ఎక్కువ. 12 వోల్టులతో బయల్దేరింది డాబా మీది కెమెరా చేరేసరికి నీరసపడిపోతుంది. రాత్రిపూట కెమెరా చివర మల్టీమీటరు పెట్టి కొలిస్తే తేలిపోతుంది. లేదంటే కెమెరాను ఊడదీసి డీవీఆర్ పక్కనే పొట్టి తీగతో చూడండి.

బండి నంబరు అడగని ఇల్లు లేదు. రాత్రి వెలుగు చాలక కెమెరా ఒక్కో ఫ్రేముకు సెకనులో 25వ వంతు షట్టరు తెరిచి ఉంచుతుంది. గంటకు 30 కిలోమీటర్లతో పోతున్న బైకు ఆ కాసేపట్లో 33 సెంటీమీటర్లు జరుగుతుంది. ద్విచక్ర వాహనం వెనక నంబరు పలక వెడల్పు 20 సెంటీమీటర్లు. పలక తన వెడల్పుకన్నా ఎక్కువ దూరం సాగి గీతలా మిగులుతుంది. 8 మెగాపిక్సెల్ కెమెరా కొంటే ఇది తీరదు. సెన్సర్ అంతే ఉండి పిక్సెళ్లు పెరిగితే ఒక్కోదానికి చేరే వెలుగు తగ్గి, రాత్రి ఇంకా మసకేస్తుంది కూడా. షట్టరును 250వ వంతుకు బిగిస్తే జరుగుదల 3 సెంటీమీటర్లకు దిగుతుంది, కానీ పది రెట్ల వెలుగు కావాలి. గేటు దగ్గర ఒక ఎల్‌ఈడీ బల్బు రాత్రంతా వెలిగించడం కొత్త కెమెరాకన్నా చవక, పని మాత్రం ఎక్కువ చేస్తుంది.

ఇంత చేసి తెచ్చుకున్న బొమ్మను చివర్లో పాడుచేసేది మనమే. చోరీ జరగ్గానే తెర మీద ఆడుతున్న వీడియోను ఫోనుతో తీసి వాట్సాప్‌లో పంపిస్తాం. తెర మీది గళ్లు, ఫోను వణుకు, వాట్సాప్ కుదింపు, మళ్లీ ఫార్వర్డులు. డీవీఆర్ వెనక యూఎస్‌బీలో పెన్‌డ్రైవ్ పెట్టి, బ్యాకప్ మెనూలో ఆ సమయం ఎంచుకుని అసలు ఫైలే తీసుకోవాలి. 2024 జులై నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద ఇచ్చే ధ్రువపత్రంలో ఆ ఫైలుకు వేలిముద్రలాంటి హాష్ విలువ కూడా రాయాలి. తీసే ముందు డీవీఆర్ గడియారం చేతి గడియారంతో సరిపోతోందో లేదో చూడండి. లోపలి చిన్న బ్యాటరీ అయిపోతే అది ఏళ్ల వెనక్కి పోయి ఉండొచ్చు. ఎంత తేడా ఉందో కాగితం మీద రాసి పెన్‌డ్రైవ్‌తో పాటు ఇవ్వండి.