మేత ముందు, మంద తరువాత

రంగారెడ్డి జిల్లా మహేశ్వరం మండలంలోని మంఖాల్, దాని చుట్టుపక్కల గ్రామాలు 2008లో శంషాబాద్ విమానాశ్రయం మొదలైన తరువాత నగరపు అంచుగా మారిపోయినా, ప్లాట్ల హద్దురాళ్ళ మధ్య మిగిలిన చెలకల్లో ఎకరమో అర ఎకరమో సంపాదించి కూరగాయలు, కోళ్ళు, ఒకటి రెండు పాడిపశువులతో స్థిరపడాలనుకునేవారికి ఇంకా చోటు ఉంది. చెలక అంటే వానను నమ్ముకున్న మెట్ట ఎర్రనేల. కొత్తగా వచ్చినవారు చేసే పొరపాట్లలో పెద్దది క్రమం తప్పడం: గేదెను ముందు తెచ్చి, గడ్డి కోసం తరువాత వెతకడం.

ఎర్ర చెలకలో సేంద్రియ పదార్థం తక్కువ కాబట్టి తడి ఎక్కువ రోజులు నిలవదు. పైగా వాన వెలిసి ఎండ కాసిన వెంటనే నేల మీద గట్టి పొర కట్టి, లేత మొలకను పైకి రానివ్వదు. అందువల్ల మొదటి ఏడు తొలకరికి జీలుగనో జనుమునో చల్లి, పూతకు వచ్చే దశలో, అంటే ఇంచుమించు నలభై ఐదు రోజులకు, నేలలోనే కలియదున్నడం తోట కన్నా ముందు చేయవలసిన పని. దీనినే పచ్చిరొట్ట ఎరువు అంటారు. గొర్రెల కాపరులకు ధాన్యమో డబ్బో ఇచ్చి కొన్ని రాత్రులు పొలంలో మంద పెట్టించుకోవడం ఈ ప్రాంతపు పాత పద్ధతి. సొంతంగా ఒక్క జీవాన్ని కూడా కొనకుండానే నేలకు పెంట, మూత్రం రెండూ అందించే ఈ ఏర్పాటును మించిన తొలి పాఠం కొత్త రైతుకు దొరకదు.

నీటి లెక్క ఇంకా కఠినమైనది. ఇక్కడి భూగర్భం గ్రానైటు రాయి కావడంతో నీరు ఆ రాతి పగుళ్ళలోనే ఉంటుంది; ఆగస్టులో ధారగా పోసిన బోరు మేలో ఆగి ఆగి పోయవచ్చు. గుంట అంటే 121 చదరపు గజాలు, సుమారు నూరు చదరపు మీటర్లు. దానికి రోజుకు ఐదు మిల్లీమీటర్ల తడి ఇవ్వాలన్నా 500 లీటర్లు కావాలి. గేదెకు తాగడానికీ కడగడానికీ కలిపి వేసవిలో వంద లీటర్ల దాకా పడుతుంది. కాబట్టి ఎన్ని గుంటలు సాగుచేయాలో, ఎన్ని పశువులను కట్టాలో నిర్ణయించవలసింది ఆగస్టు బోరు కాదు, మే బోరు. మెట్ట సేద్యం మీదే పనిచేసే జాతీయ సంస్థ క్రీడా 1985 నుంచి హైదరాబాదులోనే ఉంది. పొలంలో పడిన వానను పొలంలోనే ఆపే కందకాలు, నీటి కుంటల గురించి తెలుసుకోవడానికి దూరం పోనక్కరలేదు.

కూరగాయల విషయం అంత చిక్కైనది కాదు: జూన్‌లో బీర, సొర, బెండ, పుంటికూర, చలికాలానికి టమాట, వంగ, కొత్తిమీర, గట్టు మీద మునగ వేసుకుంటే ఇంటికి సరిపోతుంది. పచ్చి పేడ చెదలను పిలుస్తుంది, పచ్చి కోళ్ళ పెంట వేళ్ళను మాడుస్తుంది కాబట్టి ఎరువు ఏదైనా బాగా మాగిన తరువాతే పాదుల్లోకి చేరాలి.

మేతలో మాత్రం అజ్ఞానం ప్రాణాల మీదికి తెస్తుంది. పచ్చిమేతకు సులువుగా పెరుగుతుందని జూన్‌లో జొన్న చల్లుతారు. వాన వెనకబడి పైరు గిడసబారినప్పుడు, ఎలాగూ ఎండిపోతోంది కదా అని పశువులను అందులోకి వదులుతారు. అలా ఎదుగుదల ఆగిన జొన్ననూ, కోసిన మోళ్ళ నుంచి వచ్చే లేత పిలకలనూ నాము అంటారు. వాటిలో ఉండే పదార్థం పశువు కడుపులో హైడ్రోసయానిక్ ఆమ్లంగా మారి, రక్తంలోని ప్రాణవాయువును కణాలు వాడుకోకుండా అడ్డుకుంటుంది. పశువు తూలి, రొప్పి, గంట లోపే పడిపోవచ్చు. పశువైద్యుడు వెంటనే అందితే సోడియం థయోసల్ఫేట్ సూదిమందుతో నిలబెట్టగలడు. అందుకే సంచార పశువైద్య వాహనం పిలుపు సంఖ్య 1962 కొట్టం గోడ మీద రాసి ఉండాలి. పూతకు వచ్చిన జొన్ననే కోయడం, ఆరబెట్టి వేయడం సురక్షితం. బోరు కొంతైనా పోస్తే నేపియర్ గడ్డి ఇంకా నమ్మకమైనది, ఎందుకంటే దానికి ఈ గుణం లేదు.

జీవాల్లో మొదటివి కోళ్ళే కావడం మంచిది. రాజేంద్రనగర్‌లోని కోళ్ళ పరిశోధన సంస్థ పెరటి పెంపకం కోసమే వనరాజా, గ్రామప్రియ రకాలను తయారుచేసింది: మొదటిది బరువుకు, రెండోది గుడ్లకు పేరుపొందింది. అయితే బరువైన వనరాజా కుక్కల నుంచి నాటుకోడి అంత చురుకుగా తప్పించుకోలేదు. పొదిగే గుణం కూడా వాటికి తక్కువ కాబట్టి, పిల్లలు కావాలంటే గుడ్లను నాటు పెట్ట కింద పెట్టాలి. పిల్లలకు మొదటి వారం 35 డిగ్రీల వెచ్చదనం ఉండాలి. మందను ఊడ్చిపెట్టే కొక్కెర తెగులుకు వారం వయసులో లసోటా చుక్కలు, రెండు నెలల ప్రాయంలో ఆర్‌2బి సూది వేయిస్తారు. మేకలు, గేదె ఆ తరువాతి మాట. గొంతువాపు, చిటుకు రోగాల టీకాలు వానలకు ముందే పడాలి.

చచ్చిన జీవాన్ని ఏం చేయాలో కూడా ముందే తెలిసి ఉండాలి. విమానాశ్రయ కేంద్రబిందువు నుంచి పది కిలోమీటర్ల లోపల పశువులను కోసి చర్మం వలవడాన్నీ, పక్షులను ఆకర్షించే చెత్త పడవేయడాన్నీ 1937 నాటి విమాన నియమావళిలోని 91వ నియమం నిషేధించింది. గద్దలు గుమిగూడితే విమానానికి ప్రమాదం. ఆ పరిధిలో ఉన్న చెలకలో చచ్చిన కోడిని గట్టు అవతలికి విసరడం కుదరదు. బోరుకు దూరంగా లోతైన గుంత తవ్వి, సున్నం చల్లి, మట్టి కప్పి, కుక్కలు తోడకుండా పైన రాళ్ళు పేర్చాలి.