దీవిల బతకాల్నంటే జేబుకంటె ముందుగాల కాయితం జూడుర్రి

ఈ నడుమ ఫోన్ దెరిస్తే చాలు, దీవులే కనవడ్తున్నయి. నీలం సముద్రం, కొబ్బరిచెట్లు, ఒళ్లె లాప్‌టాప్ పెట్టుకొని ఊయలల ఊగే మనిషి. తక్కువ పైసలతోని దేశం మారుడు ఎంత అల్కనో అని చెప్పుడు. మా దిక్కు పోరగాండ్లు గవి చూసి అడుగుతున్నరు: "అన్నా, గల్ఫ్ ఎండల మాడుడెందుకు, మారిషస్ పోతే ఎట్లుంటది?" ఇరవై ఏండ్ల సంది గల్ఫ్ పోయినోళ్ల కుటుంబాలతోని తిరుగుతున్న కావట్టి నన్ను అడుగుతరు.

అడుగుడు తప్పు గాదు. పోవుడు గూడ తప్పు గాదు. గని అందరు కిరాయి ఎంత, తిండికెంత అనే కాడ లెక్క మొదలువెడ్తరు. నేను మాత్రం ముందుగాల ఒక్కటే అడుగుత: ఏ కాయితం మీద పోతున్నవ్?

ఈ మాట ఊరికె అంటలేను. మారిషస్ చరిత్రంత కాయితం చరిత్రే. ఆ దీవిల 1835ల బానిసత్వం రద్దయింది. చెరుకు తోటలల్ల పనికి మనుషులు కావాలె. అందుకే తెల్లదొరలు 1834 నుంచే మన దేశం కెళ్లి కూలీలను ఒప్పందం మీద తోలుకపోవుడు షురూ జేసిన్రు. 20వ శతాబ్దం మొదటి దాకా దగ్గర దగ్గర ఐదు లక్షల మంది పోయిన్రు. వాళ్లల్ల తెలుగోళ్లు గూడ ఉన్నరు. కాకినాడ పక్కపొంటి కోరంగి రేవుల ఓడెక్కి పోయిన్రని అక్కడ తెలుగోళ్లకు ఆ రేవు పేరే పడ్డది. వాళ్ల మనుమలు, మునిమనుమలు ఇయ్యాల్టికి ఉగాది జేస్తరు, రామభజనం జేస్తరు. ఉగాదికి ఆ దేశంల సర్కారు సెలవు గూడ ఉన్నది. 1990ల ప్రపంచ తెలుగు మహాసభలు అక్కడనే జరిగినయి.

గని ఆ పండుగల ఎన్కాల ఏమున్నదో యాది మర్వొద్దు. ఐదేండ్ల ఒప్పందం మీద ఏలుముద్ర ఏసినంక మనిషి తోట యజమాని చేతిల ఉండేటోడు. ఒక్కరోజు పనికి రాకుంటె రెండు రోజుల కూలి కోసేటోళ్లు. ఒప్పందం తీరినోళ్లు గూడ జేబుల పాసు పెట్టుకొని తిరగాలె. అది లేకుంటె పోలీసులు పట్టుకపోయేటోళ్లు. దీని మీద 1871ల తొమ్మిది వేలకు పైగ పాత కూలీలు అర్జీ పెట్టిన్రు. అప్పుడు గని లండన్ సర్కారు విచారణ కమిషన్‌ను పంపింది. కూలీలు దిగిన ఆప్రవాసి ఘాట్‌ను 2006ల యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలంగ గుర్తించింది. దీవి అందం అప్పుడూ గదే, సముద్రం అప్పుడూ గదే. చేతిల కాయితం ఎసొంటిదో బతుకు అసొంటిదైంది.

ఇగ ఇప్పటి సంగతి జూద్దాం. మారిషస్ చిన్న దేశం. పెద్ద దీవి ఆ కొస నుంచి ఈ కొస దాకా 65 కిలోమీటర్ల లోపే. జనం పన్నెండు లక్షల పైచిలుకు. క్రియోల్, ఫ్రెంచ్, ఇంగ్లీష్ నడుస్తయి. రీల్‌ల కనవడే గ్రాండ్ బే అసొంటి సముద్రపు ఒడ్డు ఊర్లు టూరిస్టుల కోసం ఉన్నయి, కిరాయిలు గట్లనే ఉంటయి. అక్కడి మామూలు జనం ఎక్కువ క్యూర్‌పిప్, వకోవా అసొంటి లోపలి ఊర్లల్ల ఉంటరు. అక్కడ కిరాయి తక్కువ, బస్సులున్నయి, రాజధాని పోర్ట్ లూయీకి మెట్రో ఉన్నది. రోడ్డు పక్కన దాల్ పూరీ దిని పూట ఎల్లదీయొచ్చు. గని ఒకటి యాదిల పెట్టుకోర్రి. ఆ దీవిల పండేది చెరుకు. బియ్యం, పప్పు, నూనె ఎక్కువ భాగం ఓడల మీదనే వస్తయి. ఓడ కిరాయి పెరిగినా, డాలర్ పెరిగినా అది మొదలు నీ పల్లెంలనే కనవడ్తది. ఎండకాలంల, అంటే మనకు చలికాలమున్నప్పుడు, తుఫాన్లు గూడ వస్తయి.

గిది ఖర్చు లెక్క. ఇప్పుడు కాయితం లెక్క. ముఖ్యంగ మూడు తీర్లున్నయి.

మొదటిది టూరిస్టు కాయితం. మన పాస్‌పోర్టుకు ముందుగాల వీసా అక్కరలేదు, దిగినంక ముద్ర ఏస్తరు. వాపస్ టికెట్, ఉండే జాగ, ఖర్చులకు పైసలు చూపియ్యాలె. ఈ ముద్ర మీద పని జేస్తే చట్టం తప్పినట్టే. "ముందుగాల టూరిస్టు మీద పో, అక్కడ పని నేను చూపెడ్త" అని ఏజెంట్ అన్నడంటే అక్కడ్నే లేసి రార్రి. గల్ఫ్‌ల ఖల్లివెల్లి అంటే ఏందో మన ఊర్లకు నేను చెప్పాల్నా? జీతం ఎగ్గొట్టినా పోలీసుల కాడికి పోలేవు, జ్వరమొస్తే దవాఖానకు పోవాల్నన్నా భయమే. దీవిల అయితే ఇంకో బాధ, చుట్టు సముద్రమే.

రెండోది ప్రీమియం వీసా. కరోనా ఏడు, 2020ల, తెచ్చిన్రు. బయటి దేశంల పని ఉండి, ఆన్‌లైన్‌ల చేసుకుంట ఏడాది దాకా ఉండేటోళ్లకు ఇది. నెలకు 1500 డాలర్ల ఆదాయం చూపియ్యాల్నని షరతు పెట్టిన్రు. అంటే మన పైసలల్ల లక్ష దాటుతది. అక్కడి కంపెనీలల్ల పని జేయొద్దు. రీల్‌ల ఊయలల ఊగే మనిషి ఎక్కువసార్లు గీయననే. ఆయనకు దీవి సస్తగ దొరుకుతున్నదంటే, జీతం వేరే దేశం నుంచి వస్తున్నది కావట్టి.

మూడోది వర్క్ పర్మిట్. బట్టల ఫ్యాక్టరీలు, కట్టుబడి పనులు, హోటళ్లు — వీటికి బయటి కార్మికులు కావాలె. మన దేశం, బంగ్లాదేశ్, నేపాల్, మడగాస్కర్ నుంచి పోతరు. దీనికి దరఖాస్తు పెట్టాల్సింది నువ్వు గాదు, అక్కడి యజమాని. పర్మిట్ ఆ యజమాని పేరుకే కట్టేసి ఉంటది. మన ఇష్టమొచ్చినట్టు కంపెనీ మారుడు ఉండది. 2018 నుంచి అక్కడ జాతీయ కనీస వేతనం ఉన్నది. మీ కాంట్రాక్టుల రాసిన మూలజీతం దానికి తక్కువ ఉన్నదా, ఓవర్‌టైం గలిపి పెద్ద అంకె చూపిచ్చిన్రా అని సంతకం పెట్టకముందే చూసుకోవాలె.

మన ప్రభుత్వం కాపలా సంగతి గూడ చెప్పాలె. పదో తరగతి పాస్ గానోళ్ల పాస్‌పోర్టు ఈసీఆర్ అయితది. వాళ్లు పనికోసం గల్ఫ్, మలేషియా అసొంటి 18 దేశాలకు పోవాల్నంటే ముందుగాల అనుమతి దీసుకోవాలె, 10 లక్షల ప్రమాద బీమా చేసుకోవాలె. మారిషస్ ఆ 18ల లేదు. "ఏ అనుమతి అక్కర్లేదు, సాఫ్ రూటు" అని ఏజెంట్ మురిపెంగ చెప్పేది గిదే. అసలు అర్థం ఏందంటే, ఎయిర్‌పోర్టుల నీ కాంట్రాక్టు చూసి ఆపేటోడు ఎవ్వడు ఉండడు. చూసుకోవాల్సింది నువ్వే.

అట్లని ఏజెంట్‌కు చట్టం లేదనుకోవద్దు. ఏ దేశం పనికి పంపాల్నన్నా 1983 వలస చట్టం కింద లైసెన్స్ ఉండాలె. ఈమైగ్రేట్ వెబ్‌సైట్‌ల పేరు కొట్టి చూడొచ్చు. వాళ్లు దీసుకునే ఫీజుకు హద్దు 30 వేలు, దాని మీద జీఎస్టీ. అంతే. రసీదు ఇయ్యాలె. తెలంగాణల టామ్‌కామ్ అని సర్కారు సంస్థ గూడ ఉన్నది, ముందుగాల అక్కడ అడుగుర్రి.

ఇగ అప్పు. రెండు లక్షలు నూటికి మూడు రూపాయల మిత్తికి దెస్తే నెలకు 6 వేలు మిత్తికే పోతయి. రెండేండ్లకు లక్షా నలభై నాలుగు వేలు. అసలు అట్లనే ఉంటది. పాత రోజులల్ల కూలీని తోటకు కట్టేసింది పాసు అయితే, ఇయ్యాల మనల్ని కట్టేసేది ఈ మిత్తి. అప్పున్నోడు చెడ్డ యజమానిని ఇడిసిపెట్టి రాలేడు. అందుకే వాపస్ టికెట్ పైసలు, మూడు నెలల తిండి, కిరాయి పైసలు పక్కకు పెట్టలేనోడు ఇప్పుడే బయలెల్లొద్దంట. తక్కువ బడ్జెట్ అంటే తక్కువ పైసలతోని పోవుడు గాదు, బాగలేకుంటె తిరిగి రాగలుగుడు.

తమ్ముళ్లూ, చెల్లెండ్లూ, ఊరు దాటుర్రి, సముద్రం దాటుర్రి. పర్మిట్, కాంట్రాక్టు, రసీదు మూడిటి నకళ్లు ఇంట్ల ఒక సెట్టు పెట్టి పోర్రి. అవ్వకు చదువు రాకున్న మంచిదే, ఆ కాయితాలు ఏ పెట్టెల ఉన్నయో ఆమెకు తెల్వాలె. అక్కడ పాస్‌పోర్టు ఎవ్వలు అడిగినా చూపియ్యుర్రి, ఇడిసిపెట్టి రాకుర్రి. మన ముందటోళ్లు ఏమున్నదో తెల్వకుంటనే ఏలుముద్ర ఏసిన్రు, వాళ్లకు చదువు చెప్పినోడు లేడు. మీ చేతిల ఫోన్ ఉన్నది, చదువు ఉన్నది. సంతకం పెట్టే ముందట ఒక్కసారి పూర్తిగ చదువుర్రి.