దావా పేదలది, లాభం ఎవరిది?

న్యాయస్థానాల రికార్డు బహిరంగంగా ఉండడం ప్రజాస్వామ్యానికి అవసరం. తీర్పు పదిమంది ఎదుట వెలువడితేనే న్యాయవ్యవస్థకు జవాబుదారీతనం ఉంటుంది. ఈ-కోర్ట్స్ సేవలు వచ్చాక కక్షిదారు పేరో, న్యాయవాది పేరో తెలిస్తే చాలు. దావా ఏ దశలో ఉంది, తదుపరి వాయిదా ఎప్పుడు, ఏ ఉత్తర్వు వెలువడింది అన్నది చేతిలోని ఫోనులోనే కనిపిస్తుంది. అందరికీ తెరిచి ఉంచిన ఈ పుస్తకాన్ని చదవగలుగుతున్నది ఎవరన్నదే అసలు ప్రశ్న.

స్థిరాస్తి పెట్టుబడి పాఠాల్లో కోర్టు రికార్డుకు ఇప్పుడు 'లీడ్' అని పేరు. భాగపంపకాల దావా, వారసత్వ తగాదా, అప్పు వసూలు డిక్రీ, వేలం ప్రకటన ఎక్కడ కనిపిస్తే అక్కడ డబ్బు అత్యవసరమైన యజమాని ఉన్నాడని, చౌకగా దొరికే భూమి ఉందని ఆ పాఠాల సారాంశం. రికార్డు చూడడం నేరం కాదు. వివాదంలో ఉన్న ఆస్తిని కొనడం కూడా దానంతట అది నేరం కాదు. కానీ మన సమాజంలో ఆ 'డబ్బు అత్యవసరమైన యజమాని' కులం లేని మనిషి కాదు.

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడలను చూడండి. మొదటి రెండు పట్టణాలు హైదరాబాద్-విజయవాడ 65వ నంబరు జాతీయ రహదారి మీద ఉన్నాయి. మిర్యాలగూడ సాగర్ ఎడమ కాలువ నీటితో, బియ్యం మిల్లులతో పెరిగింది. 2016లో సూర్యాపేట జిల్లా కేంద్రమైంది. ఎకరాల్లో, గుంటల్లో లెక్కించే భూమిని గజాల్లో అమ్మే కాలం వచ్చినప్పుడు, పట్టణం అంచున అసైన్డ్ పట్టాతోనో, సాదాబైనామాతోనో, తాత పేరు మీదే నిలిచిపోయిన పహాణీతోనో బతుకుతున్న కుటుంబం హఠాత్తుగా విలువైనదవుతుంది. 1946-51 సాయుధ పోరాటం నడిచిన నేల ఇది. దున్నేవాడికి కాగితం లేకపోవడం, కాగితం ఉన్నవాడు దున్నకపోవడం ఇక్కడ కొత్త కథ కాదు.

ఆ కుటుంబం కోర్టుకెక్కితే ఏమవుతుంది? మూడెకరాలకు నలుగురు వారసులున్నారనుకుందాం. ఒకరికి ఆసుపత్రి ఖర్చు, మరొకరికి కూతురి పెళ్లి. బయటి కొనుగోలుదారు ఆ ఒక్కరికి బయానా ఇచ్చి, అవిభక్త వాటాకు అగ్రిమెంటు, జీపీఏ రాయించుకుంటాడు. ఆ ఒక్క వాటాతో అతడు దావాలో అడుగుపెడతాడు. వాయిదాల ఖర్చును అతడు భరించగలడు, కూలి మానుకుని కోర్టుకు వచ్చే మిగతా ముగ్గురు భరించలేరు. చివరికి లోక్ అదాలత్‌లో రాజీ కుదురుతుంది. ఆ అవార్డు సివిల్ కోర్టు డిక్రీతో సమానం, దానిపై అప్పీలు లేదు. దావా నడుస్తుండగా కొన్నవాడు తీర్పుకు కట్టుబడాలని 1882 ఆస్తి బదిలీ చట్టం 52వ సెక్షను చెబుతుంది. ఆ రిస్కు పేరు చెప్పి కొనుగోలుదారు ధర తగ్గిస్తాడు. ఆ తగ్గింపు భారం మాత్రం పేదవాడిదే.

అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో వీలునామా లేకుండా వారసులకు చేరిన నల్లజాతి రైతుల భూములు సరిగ్గా ఈ దారిలోనే చేజారాయి. బయటివాడు ఒక వారసుడి చిన్న వాటా కొని, భాగపంపకం కోరి, మొత్తం భూమిని వేలానికి తెచ్చేవాడు. దాన్ని అడ్డుకోవడానికే అక్కడ 2010లో ఒక నమూనా చట్టం రూపొందించారు. అక్కడ జాతి చేసిన పనిని ఇక్కడ కులం చేస్తుంది.

కేసు శీర్షికల్లో కక్షిదారుల కులం, మతం రాసే అలవాటు మానాలని 2024 జనవరిలో సుప్రీంకోర్టు ఆదేశించింది. స్వాగతించవలసిందే. కానీ కులం రాయకున్నా ఇంటిపేరు ఉంటుంది, వాడ పేరు ఉంటుంది, 'వృత్తి: కూలి' అన్న మాట ఉంటుంది. బేరగాడికి అవి చాలు.

రికార్డులు మూసేయడం దీనికి పరిష్కారం కాదు. మూస్తే మొదట నష్టపోయేది పేదలే. కొనేవాడు చదివే రికార్డుతో పాటు, అతడు చెప్పని చట్టాన్ని కూడా మన విద్యార్థులు చదవాలి. భూమిలేని పేదలకు అమ్మరాదన్న షరతుతో ఇచ్చిన అసైన్డ్ భూమి బదిలీ 1977 చట్టం ప్రకారం చెల్లదు. దాన్ని తిరిగి స్వాధీనం చేసుకుని అసైనీకి అప్పగించే వీలు కూడా ఆ చట్టంలోనే ఉంది. ఉమ్మడి నివాస గృహంలో వాటా కొన్న పరాయివాడు భాగపంపకానికి దావా వేస్తే, కోర్టు నిర్ణయించిన విలువకు ఆ వాటాను తామే కొనుక్కునే హక్కు 1893 విభజన చట్టం కుటుంబ సభ్యులకు ఇచ్చింది. హిందూ వారసత్వ చట్టం 22వ సెక్షనులోని ప్రాధాన్య హక్కు వ్యవసాయ భూమికీ వర్తిస్తుందని 2019లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. ఎస్సీ, ఎస్టీల భూమిని బెదిరించి పొందిన సమ్మతితోనో, సృష్టించిన రికార్డులతోనో ఆక్రమిస్తే, 2015 సవరణ తరువాతి అత్యాచారాల నిరోధక చట్టం కింద అది నేరం. ఎస్సీ, ఎస్టీలకు, మహిళలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం 1987 నాటి చట్టంలోనే ఉంది.

ఇన్ని హక్కులున్నా వారసుడి గడపకు మొదట చేరేది బయానా పట్టుకొచ్చిన మధ్యవర్తే. ఈ వరుస మారాలి. భూమి దావా దాఖలైన రోజే కక్షిదారులకు ఈ హక్కులను తెలుగులో రాసిన ఒక్క పేజీ అందించే బాధ్యతను జిల్లా న్యాయసేవాధికార సంస్థలు తీసుకోవాలి. లోక్ అదాలత్‌లో రాజీ నమోదు చేసేముందు, ఆ భూమిపై బయటివారి అగ్రిమెంటు ఏదైనా ఉందా అని ధర్మాసనం అడిగి రికార్డు చేయాలి. న్యాయశాస్త్ర విద్యార్థులు తమ ప్రాంత కోర్టుల భూమి దావాలను అనుసరించి, ఆ కుటుంబాలను న్యాయ సహాయంతో కలపాలి. లాభం కోసం ఒకరు తెరిచే పేజీని హక్కు కోసం మరొకరు ముందుగా తెరవగలిగిన రోజే బహిరంగ రికార్డు నిజంగా ప్రజలదవుతుంది.