చెక్కు అందిందా అని అడుగుతారట!

తెలంగాణ ప్రభుత్వం రైతుబంధు పథకం చెక్కులు మే నెలలోనే ఎందుకు పంచింది?

2018 మే 10న కరీంనగర్ జిల్లా హుజూరాబాద్ దగ్గర తొలి చెక్కులు చేతికిచ్చారు. సేద్యం పెట్టుబడికి ఎకరాకు 4,000 రూపాయలు. రోహిణి కార్తెకు ఇంకా పదిహేను రోజులుంది. యాసంగి వడ్ల పైసలు బాకీలకూ పెండ్లిళ్లకూ పోయి, వానకాలం మొదలయ్యేసరికి రైతు చేతిలో ఏమీ ఉండదు. ఆదిలాబాద్ పత్తి రైతయితే విత్తనాల ప్యాకెట్లు, మందు బస్తాలు దుకాణంలో ఉద్దెర తెచ్చి, పత్తి ఏరినాక వడ్డీతో కడతాడు. అవే నాలుగు వేలు సంక్రాంతికి ఇస్తే జూన్ దాకా ఎక్కడ ఆగుతాయి? కెన్యాలో ఆర్థికవేత్త ఎస్తేర్ డఫ్లో బృందం ఇదే సంగతిని తిరగేసి చూసింది. కోతలయి రైతుల చేతిలో డబ్బు ఆడుతున్నప్పుడే ‘ఇప్పుడు కొంటే ఎరువు ఉచితంగా ఇంటికి చేరుస్తాం’ అన్నారు. ధర పైసా తగ్గించలేదు. అయినా ఎరువు వాడేవాళ్లు పెరిగారు.

ఇలా బలవంతం లేకుండా, వేళనో పేరునో వరుసనో కాస్త మార్చి మనిషిని ఒక పనివైపు జరపడాన్నే నడ్జ్ అంటున్నారు. ఆ పేరుతోనే రిచర్డ్ థేలర్, కాస్ సన్‌స్టీన్‌ల పుస్తకం 2008లో వచ్చింది. 2010లో బ్రిటన్ ప్రభుత్వం ఇందుకోసం ఒక బృందాన్నే పెట్టుకుంది. రైతుబంధులో ‘పెట్టుబడి సాయం’ అన్న పేరూ ఇలాంటిదే. ఆ పేరు పడ్డ డబ్బుతో టీవీ కొనాలంటే మనసు కొంచెం వెనకాడుతుంది.

దరఖాస్తు ఎందుకు అడగలేదు?

అడిగితే చాలామంది మీసేవ కేంద్రం దగ్గరే ఆగిపోతారు కాబట్టి. భూమి రికార్డులో పేరుంటే చాలు, చెక్కు అచ్చయి వచ్చింది. అయితే అదే దారిలో పట్నంలో ఉండే పెద్ద ఆసామికీ వచ్చింది. అక్కర్లేనివాళ్లు వదులుకోండని ప్రభుత్వం కోరింది. ఊరికే కూర్చుంటే డబ్బు వస్తుంది, వద్దనాలంటే మాత్రం తానై లేచి వెళ్లి చెప్పాలి. ఎంతమంది లేస్తారు? దీన్ని దురాశ అనేయడం తేలిక. నా మటుకు నాకు తప్పు ఏర్పాటులోనే కనిపిస్తుంది.

అసలు ఈ నడ్జ్‌తో తట్టింది ఎవరిని?

నాకు అన్నిటికంటే ఆసక్తిగా తోచేది ఇది. చెక్కులు పంచే బాధ్యత మండల వ్యవసాయాధికారులది. కార్తీక్ మురళీధరన్, పాల్ నీహాస్, సందీప్ సుఖ్తంకర్, జెఫ్రీ వీవర్ అనే ఆర్థికవేత్తలు ప్రభుత్వంతో కలిసి ఒక పరీక్ష పెట్టారు. లాటరీ తీసినట్టు కొన్ని మండలాలను ఎంచి, అక్కడి అధికారులకు ముందే ఒక మాట చెప్పారు: మీ రైతులకు ఫోన్ చేసి చెక్కు అందిందో లేదో అడుగుతాం, దాన్నిబట్టి మీ పనిని లెక్కిస్తాం. మిగతా మండలాల వాళ్లకు ఈ కబురు లేదు. జీతం కోత లేదు, బహుమానం లేదు. ‘అడుగుతారట’ అన్న ఎరుక ఒక్కటే.

ఆ కబురు అందిన మండలాల్లో చెక్కు అందని రైతుల సంఖ్య 7.8 శాతం తగ్గింది. అంటే లేకపోతే మిగిలిపోయే వందమందిలో దాదాపు ఎనిమిది మందికి చెక్కు చేరింది. తక్కువే అనిపించవచ్చు. కానీ అప్పుడు పథకంలో ఉన్నది 57 లక్షల మంది. ఖర్చు చూస్తే, అదనంగా చేరిన ప్రతి 100 రూపాయలకు 3 రూపాయల 60 పైసలు. రైతుకు హితబోధ చేసే పోస్టర్లకు బదులు ఆఫీసు కుర్చీని తట్టారు. నడ్జ్ అనగానే జనం అలవాట్ల మీద పడే మన సర్కార్లు ఈ సంగతిని పెద్దగా పట్టించుకోవు.

పండితులు దీన్ని నడ్జ్ అని ఒప్పుకోకపోవచ్చు, నిఘా అంటారు. అననీ.

అందరికీ అందిందా మరి?

లేదు. ఆ ఫోన్లు వెళ్లింది జాబితాలో ఉన్న పట్టాదారులకే. పత్తి చేను కౌలుకు చేసేవాడి పేరు, పట్టా లేని పోడు సేద్యగాడి పేరు ఆ జాబితాలోనే లేవు. వేళ మార్చినా, పథకం పేరు మార్చినా, వ్యవసాయాధికారి సారుకు ఎన్ని కబుర్లు పంపినా ఆ పేర్లు అందులోకి వచ్చేవి కావు. అవి రావాలంటే ప్రభుత్వం నిబంధననే తిరగరాయాల్సి ఉండేది.